లాగిన్ కాకముందు వైఫై రాదా? అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ల బాగోగులు చూడటం నా పని. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నాకు వచ్చే ఫోన్లలో ఒకే ఫిర్యాదు: "మిషన్ దానంతట అదే ఆన్ అయిందండీ, కానీ దూరం నుంచి అందడం లేదు. ఎవరో ఒకరు వెళ్లి లాగిన్ అయితేనే కదా వైఫై వచ్చేది!" ఆ చివరి మాట ఎవరు పుట్టించారో కానీ, దాన్ని నమ్మి జనం చేసుకుంటున్న నష్టం చూస్తే బాధేస్తుంది.

అపోహ: యూజర్ లాగిన్ అయితేనే వైఫై కలుస్తుంది.

వాస్తవం: కానే కాదు. విండోస్‌లో వైఫైని నడిపేది డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అనే సర్వీసు, అంటే తెర వెనుక నడిచే ప్రోగ్రామ్. విండోస్ విస్టా నుంచి ఇదే పద్ధతి. అంతకుముందున్న విండోస్ ఎక్స్‌పీలో ఆ పనిని వైర్‌లెస్ జీరో కాన్ఫిగరేషన్ చేసేది. మిషన్ బూట్ అవుతుండగానే ఆ సర్వీసు మొదలవుతుంది, ఎవరైనా లాగిన్ అయ్యేదాకా ఆగదు. నెట్‌వర్క్ ప్రొఫైల్ (ఆ వైఫై పేరు, సెట్టింగులు దాచిన నమోదు), పాస్‌వర్డ్, ఆటోమేటిక్‌గా కలవడానికి అనుమతి - ఈ మూడూ మిషన్ మొత్తానికి వర్తించేలా ఉంటే చాలు, మామూలు పాస్‌వర్డ్ వైఫై లాగిన్ తెర దగ్గరే కలుస్తుంది. ప్రొఫైల్ ఒక యూజర్ పేరిటే ఉంటే మాత్రం ఆ యూజర్ వచ్చేదాకా కలవదు.

ఈ అపోహకు మూలం పాతది. ఎక్స్‌పీ రోజుల్లో వైఫై అడాప్టర్ (సిగ్నల్ అందుకునే పరికరం) తయారీదారులు తమ సొంత యుటిలిటీని, అంటే చిన్న ప్రోగ్రామ్‌ను, ఇచ్చేవారు. అది విండోస్ సర్వీసును పక్కన పెట్టి వైఫైని తన చేతిలోకి తీసుకునేది. వాటిలో చాలావరకు లాగిన్ తర్వాతే తెరుచుకునేవి. ఇంటెల్ ప్రోసెట్ లాంటి వాటిలో లాగిన్‌కు ముందే కలిపే సదుపాయం ఉన్నా, దాన్ని వెతికి పెట్టుకున్నవాళ్లు తక్కువ. ఆ యుటిలిటీలు పోయాయి, నమ్మకం మాత్రం మిగిలింది.

దీనివల్ల అసలు నష్టం ఎక్కడంటే, వైఫై కోసం ఆటోమేటిక్ లాగిన్ పెట్టేసుకుంటున్నారు. అప్పుడు మిషన్ ఆన్ చేసిన ఎవరికైనా మీ ఫైళ్లు, మెయిళ్లు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు అన్నీ తెరిచి ఉంటాయి. పైగా ఎక్కడో చదివి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) విన్‌లాగాన్ కింద డిఫాల్ట్‌పాస్‌వర్డ్ అని చేత్తో రాసిపెడితే, మీ పాస్‌వర్డ్ అక్కడ ఏ మరుగూ లేకుండా అక్షరాలా కనిపిస్తుంది. ఒక్క వైఫై గుర్తు వెలగడానికి ఇంత మూల్యం ఎందుకండీ?

ఆ మధ్య ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసే ఆవిడ ఇలాగే కంగారుపడుతూ ఫోన్ చేశారు. అడాప్టర్ పాడైందని ఎవరో చెప్పారట, కొత్తది కొనడానికి సిద్ధమయ్యారు. ఆవిడను తప్పుపట్టలేం, లెక్కల ఫైళ్లన్నీ ఆ మిషన్‌లోనే ఉన్నాయి. వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్స్" అని కొట్టాను. నెట్‌వర్క్ పేరు పక్కన "ఆల్ యూజర్ ప్రొఫైల్" అనే ఉంది. అంటే చిక్కు అక్కడ లేదు. అదే ప్రొఫైల్ పేరిచ్చి వివరాలు అడిగితే కనెక్షన్ మోడ్ ఎదురుగా "కనెక్ట్ మాన్యువల్లీ" అని కనిపించింది. మొదటిసారి కలిపినప్పుడు "కనెక్ట్ ఆటోమేటికల్లీ" అనే గడిలో టిక్ పెట్టలేదు. రోజూ లాగిన్ అయి, వైఫై పేరు మీద నొక్కి కలుపుకోవడం ఆవిడకు అలవాటైపోయింది. అందుకే లాగిన్ వల్లే వైఫై వస్తోందని అనుకున్నారు. టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాం. లాగిన్ తెరలో కుడివైపు కింద వైఫై గుర్తు వెలిగింది. పాస్‌వర్డ్ కొట్టకుండానే పక్క గదిలోని కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తే, అంటే నెట్‌వర్క్‌లో "ఉన్నావా" అని పలకరిస్తే, జవాబు వచ్చింది. అడాప్టర్ నిక్షేపంగా ఉంది.

నమ్మకం కుదరనివారు విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ ఆపరేషనల్ లాగ్ తెరవండి. వైఫై విజయవంతంగా కలిసినప్పుడు 8001 నంబరు ఈవెంట్ నమోదవుతుంది. దాని సమయం, మీరు లాగిన్ అయిన సమయం పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఏది ముందు జరిగిందో ఊహించుకోనక్కర్లేదు.

అపోహ: ఇంట్లో కలిసింది కాబట్టి ఆఫీసు వైఫై కూడా అలాగే కలవాలి.

వాస్తవం: ఆఫీసుల్లో తరచూ 802.1ఎక్స్ ఉంటుంది, అంటే అందరికీ ఒకే పాస్‌వర్డ్ కాకుండా ఎవరికి వారిని సరిచూసి లోపలికి పంపే పద్ధతి. అక్కడ నెట్‌వర్క్ అడిగేది "నువ్వెవరు" అని. సెట్టింగ్ "యూజర్ అథెంటికేషన్" అని మాత్రమే ఉంటే, లాగిన్ తెర దగ్గర జవాబు చెప్పడానికి యూజరే లేడు. "యూజర్ ఆర్ కంప్యూటర్" అని పెట్టి, మిషన్‌కు సొంత సర్టిఫికెట్టో (డిజిటల్ గుర్తింపు పత్రం) డొమైన్ (ఆఫీసు ఖాతాలన్నిటినీ ఒకేచోట నడిపే ఏర్పాటు) ఖాతానో ఉంటే అది తన పేరుతోనే లోపలికి వెళ్తుంది. లేదా విండోస్ లాగిన్ వివరాలతోనే వైఫైకీ కలిపే సింగిల్ సైన్ ఆన్‌లో లాగిన్‌కు సరిగ్గా ముందు కలిసేలా పెట్టవచ్చు.

దీనివల్ల ఎక్కువగా ఇబ్బందిపడేది కొత్తగా చేరినవాళ్లు. పాత ఉద్యోగి లాగిన్ వివరాలు మిషన్‌లో దాచి ఉంటాయి కాబట్టి (మామూలుగా చివరి 10 మంది యూజర్లవి) నెట్‌వర్క్ లేకపోయినా లోపలికి వెళ్తారు. కొత్తవారి వివరాలు డొమైన్ కంట్రోలర్‌ను (ఖాతాలను సరిచూసే ఆఫీసు సర్వర్) అడిగి తేల్చుకోవాలి. "మీ డొమైన్ అందుబాటులో లేదు" అన్న సందేశం చూసి, మొదటిరోజే ఏదో పాడు చేశామని హడలిపోయేవాళ్లను చూశాను. మీరేం పాడు చేయలేదు. సెట్టింగ్ మార్చాల్సింది మీ ఐటీ వాళ్లు.

ఇంటి నుంచి కొత్త ఖాతాతో మొదటిసారి డొమైన్ లాగిన్ అవ్వాలంటే వైఫై ముందే కలవడం ఒక్కటే సరిపోదు. కంట్రోలర్ దాకా దారి కావాలి, అంటే లాగిన్‌కు ముందే పనిచేసే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే సురక్షితమైన దారి) ఉండాలి.

మిగిలినవి త్వరగా. లైనక్స్‌లో అసలు ముందు కలవదంటారు. అక్కడ వైఫైని నడిపే నెట్‌వర్క్ మేనేజర్‌లో పాస్‌వర్డ్ యూజర్ కీరింగ్‌లో (లాగిన్ అయ్యాకే తెరుచుకునే పాస్‌వర్డుల పెట్టె) ఉంటే నిజంగానే కలవదు. "యూజర్లందరికీ" అని మార్చి సిస్టమ్‌లో దాచితే కలుస్తుంది. బ్రౌజర్‌లో పేజీ తెరిచి ఒప్పుకుంటేనే ఇంటర్నెట్ ఇచ్చే వైఫై లాగిన్ తెర దగ్గర కలిసినా లాభం లేదు, అక్కడ పేజీ తెరవడం కుదరదు. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే అడాప్టర్ కనిపించక, రీస్టార్ట్ చేస్తే కనిపిస్తోందా? విండోస్ త్వరగా ఆన్ అయ్యేందుకు వాడే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి చూడండి.

ఇక బిట్‌లాకర్ (డిస్కు మొత్తానికి తాళం వేసే విండోస్ సదుపాయం) పిన్ అడుగుతున్న తెర దగ్గర వైఫై లేదని ఫోన్ చేసేవారికి: అప్పటికి విండోస్ ఇంకా మొదలే కాలేదు, వైఫై సర్వీసు డిస్కులోనే తాళం వెనుక ఉంది. పిన్ లేకుండా తెరిపించే నెట్‌వర్క్ అన్‌లాక్ సదుపాయం కూడా తీగ నెట్‌వర్క్ మీదే పనిచేస్తుంది. దూరం నుంచి రీస్టార్ట్ చేయాల్సిన మిషన్ అయితే దానికి ఈథర్నెట్ తీగ వేయించి, ఆ సదుపాయం పెట్టమని మీ ఐటీ వాళ్లను అడగండి.