ఎనిమిది బైట్ల దగ్గర ఆగిన స్విచ్‌లు

గుంటూరు జిల్లాలోని ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే పాఠకుడొకరు ఈ ప్రశ్న పంపారు: "మా ఆరు స్విచ్‌లూ క్లౌడ్ డ్యాష్‌బోర్డులో పదకొండు రోజులుగా ఎర్రచుక్కతో ఆఫ్‌లైన్ అని కనిపిస్తున్నాయి. వాటికి తగిలించిన కంప్యూటర్లలో మాత్రం ఇంటర్నెట్ వస్తూనే ఉంది. చచ్చిపోయిన స్విచ్‌లోంచి ఇంటర్నెట్ ఎలా వస్తుందండీ?"

ఈ ప్రశ్నలో "చచ్చిపోయిన" అన్న మాటను సరిదిద్దుకుంటే సగం జవాబు దొరికినట్టే. కంప్యూటర్ల తీగలను ఒకచోట కలిపి వాటి మధ్య డేటాను చేరవేసే పెట్టె స్విచ్. దానిలో రెండు వేర్వేరు పనులు రెండు వేర్వేరు చోట్ల జరుగుతాయి. ఒక పోర్టులోకి (తీగ గుచ్చే చోటులోకి) వచ్చిన ఫ్రేమును, అంటే డేటా ముక్కను, ఏ పోర్టు నుంచి బయటికి పంపాలో చూసి పంపేది, అచ్చంగా ఆ పనికోసమే తయారుచేసిన ఒక చిప్. సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో నడిచే పోర్టులో అతి చిన్న ఫ్రేములు సెకనుకు 14,88,095 దాకా రాగలవు. 24 పోర్టులున్న స్విచ్‌లో ఆ లెక్క దాదాపు 3.57 కోట్లవుతుంది. స్విచ్‌లో ఉండే చిన్న ప్రాసెసర్ అంత వేగాన్ని అందుకోలేదు, అందుకే దానికి ఆ పని అప్పగించరు. క్లౌడ్‌తో, అంటే స్విచ్‌లను దూరం నుంచి నడిపే ఇంటర్నెట్‌లోని సర్వర్‌తో మాట్లాడటం, అక్కడి నుంచి వచ్చిన సెట్టింగులను చిప్‌లోని పట్టికల్లో రాయడం, జరిగినవాటిని లాగ్‌లో నమోదు చేయడం ప్రాసెసర్ పనులు. క్లౌడ్‌తో మాట తెగిపోయినంత మాత్రాన చిప్‌లో అప్పటికే రాసి ఉన్న పట్టికలు చెరిగిపోవు కాబట్టి పిల్లల కంప్యూటర్లకు ఏ లోటూ తెలియదు. ఎర్రచుక్కకు అర్థం ఆ స్విచ్ నుంచి కబురు రావడం లేదని మాత్రమే.

ఆ కబురు ఎప్పుడూ స్విచ్ వైపు నుంచే మొదలవుతుంది. స్విచ్‌కు ఉన్నది కళాశాల నెట్‌వర్కు లోపల మాత్రమే చెల్లే చిరునామా. రౌటర్ చాటున ఉన్న దానిని క్లౌడ్ తనంతట తాను పిలవలేదు. అందువల్ల వెతుకులాట కూడా స్విచ్ దగ్గరే మొదలుపెట్టాలి. దానికి చిరునామా దొరికిందా, గేట్‌వే (బయటికి దారి అయిన రౌటర్) పలుకుతోందా, డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరు చిరునామాగా మారుతోందా అన్న మూడు మెట్లనూ స్విచ్ సొంత పేజీలోనే ఐదు నిమిషాల్లో చూడవచ్చు. చిరునామా 169.254తో మొదలైతే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం, అక్కడితో ఆగి దాని సంగతి చూడాలి. ఈ కళాశాల స్విచ్‌లు ఈ మూడు మెట్లూ సాఫీగా ఎక్కాయి. ల్యాబ్ కంప్యూటర్ నుంచి క్లౌడ్ సర్వర్‌కు, అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే పింగ్ కూడా వెళ్లి వస్తోందని ఆ పాఠకుడు రాశారు.

నేను అడిగిన మొదటి ప్రశ్న "చివరిగా ఏం మార్చారు?" అన్నది. క్లౌడ్ నుంచి నడిపే పరికరాల విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది, ఎందుకంటే డ్యాష్‌బోర్డులో చేసే ఒక మార్పు, ఆ మార్పు ప్రయాణించిన దారినే మూసేయగలదు. రౌటర్ వైపు వెళ్లే పోర్టుకు వీలాన్ (ఒకే స్విచ్‌లో నెట్‌వర్కును విడివిడి భాగాలు చేసే పద్ధతి) సంఖ్య తప్పుగా ఇస్తే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే అవుతుంది. దాన్ని సరిచేసే ఆదేశం ఇక స్విచ్‌కు చేరదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు కొన్ని గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయినప్పుడు జరిగింది ఇలాంటిదే, దాని కొలత మాత్రం చాలా పెద్దది: నిర్వహణలో భాగంగా ఇచ్చిన ఒక ఆదేశం డేటా కేంద్రాల మధ్య ఉన్న వెన్నెముక నెట్‌వర్కునే తెంచేయడంతో, దూరం నుంచి సరిచేయవలసిన ఇంజినీర్లకు ఆ దారి కూడా లేకుండా పోయింది. ఈ ప్రమాదానికి విరుగుడుగా జూనిపర్ కంపెనీ నెట్‌వర్కు పరికరాల్లో ఒక ఆదేశం ఉంది. మార్పు చేశాక పది నిమిషాల్లోగా మళ్లీ వచ్చి "సరే" అనకపోతే పరికరం తనంతట తాను పాత సెట్టింగులకు వెళ్లిపోతుంది. నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు అది.

కళాశాల నుంచి వచ్చిన జవాబు వేరు. డ్యాష్‌బోర్డులో ఎవరూ ఏమీ మార్చలేదు. పన్నెండు రోజుల కిందట పిడుగుపాటుకు రౌటర్ కాలిపోతే మర్నాడు కొత్తది పెట్టారు. స్విచ్‌లు యూపీఎస్ మీద ఉండటం వల్ల వాటికి ఏమీ కాలేదు. ఎర్రచుక్కలు చూసి ఒక స్విచ్‌ను మాత్రం కరెంటు తీసి పెట్టారు, అప్పటికీ కుదరక సూదితో బటన్ నొక్కి ఫ్యాక్టరీ రీసెట్ చేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దసరాకు ర్యాకుకు బొట్టు పెట్టి పూజ చేయడం పనిముట్టు మీద ఉండే గౌరవం, అందులో నాకు అభ్యంతరమేమీ లేదు. పరికరం మొరాయించిన ప్రతిసారీ కరెంటు తీసి పెడితే బాగవుతుందన్నది మాత్రం నష్టం చేసే నమ్మకం. చాలా స్విచ్‌లలో లాగ్ ఉండేది తాత్కాలిక జ్ఞాపకంలో. కరెంటు తీయగానే, ఏం జరిగిందో చెప్పగల ఒకే ఒక్క సాక్షి పోతుంది. రీసెట్ చేస్తే సెట్టింగులు కూడా పోతాయి. ఆ ఆరో స్విచ్ కథ చివర్లో మళ్లీ వస్తుంది.

రౌటర్ మారిందని తెలియగానే, స్విచ్‌కూ రౌటర్‌కూ మధ్య వెళ్లే ప్యాకెట్లను (ఫ్రేములు మోసే డేటా మూటలను) వైర్‌షార్క్ అనే ప్రోగ్రాంలో పట్టి పంపమన్నాను. ఆ ఫైలు తెరిచి చూసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో పెట్టడం కష్టం. మన కళాశాలల్లో, నెట్‌వర్కు పనిని పొరలుగా విడదీసి చెప్పే ఓఎస్‌ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లు కంఠస్థం చేయిస్తాం, ఒక్క ప్యాకెట్‌నైనా కళ్లారా చూపించకుండానే డిగ్రీ ఇచ్చి పంపిస్తాం. ఇలాంటి ఫైలు ఒక్కటి తరగతిలో తెరిచి పెడితే ఆ ఏడు పొరలూ వాటంతట అవే అర్థమవుతాయి. స్విచ్ పలకరింపు వెళ్లింది, సర్వర్ జవాబు వచ్చింది, డేటా వరుసగా, పూర్తిగా చేరేలా చూసే టీసీపీ సంబంధం కుదిరింది. రహస్య సంభాషణకు పిలుపుగా స్విచ్ తన టీఎల్‌ఎస్ సందేశం పంపింది, అందిందని సర్వర్ నుంచి రసీదు కూడా వచ్చింది. ఆ తర్వాత సర్వర్ తానెవరో రుజువు చేసే ధ్రువపత్రం పంపాలి. వచ్చింది 1,080 బైట్ల తునక ఒక్కటే, అదీ సందేశంలో చివరి భాగం. స్విచ్ "నాకు మొదటి నుంచి కావాలి" అన్న అర్థమిచ్చే రసీదును మళ్లీ పంపింది. తర్వాత అంతా నిశ్శబ్దం.

తల, మొండెం రాకుండా తోక ఒక్కటే ఎందుకు వచ్చింది? రైల్వే అండర్‌బ్రిడ్జికి ముందు ఎత్తు కొలిచే ఇనుప కమ్మీ అడ్డంగా కట్టి ఉంటుంది కదా, దాన్ని ఊహించుకోండి. ఈథర్‌నెట్ తీగ మీద ఒక ప్యాకెట్ 1,500 బైట్ల దాకా ఉండవచ్చు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ అనే పద్ధతి ఉంటుంది, అది ప్రతి ప్యాకెట్‌కూ తన గుర్తుగా 8 బైట్లు అంటిస్తుంది. ఆ మేరకు లోపలి సరుకు తగ్గాలి, అంటే ఆ దారిలో కమ్మీ 1,492 దగ్గర ఉంది. విండోస్‌లో మామూలు పింగ్ మోసే సరుకు 32 బైట్లు. అది సైకిలు, ఎన్నిసార్లయినా కమ్మీ కిందుగా వెళ్లి వస్తుంది. స్విచ్ పంపిన టీఎల్‌ఎస్ పిలుపు కొన్ని వందల బైట్లుంటుంది, అది ఆటో, అదీ వెళ్లిపోతుంది. సర్వర్ ధ్రువపత్రాల కట్ట ఇక్కడ 4,000 బైట్లుంది. స్విచ్ తన వైపున్న ఈథర్‌నెట్ తీగను మాత్రమే చూసి "ఒక్కో ప్యాకెట్‌లో 1,460 బైట్ల సరుకు పంపవచ్చు" అని మొదటి పలకరింపులోనే చెప్పేసింది, కాబట్టి సర్వర్ దాన్ని 1,460, 1,460, 1,080గా మూడు బళ్లకు ఎత్తింది. చిరునామాల వంటి వివరాలుండే 40 బైట్ల శీర్షికలు కలిపితే మొదటి రెండూ సరిగ్గా 1,500 ఎత్తున్న లారీలయ్యాయి. మూడోది 1,120 మాత్రమే. రెండు లారీలూ ఎనిమిది బైట్ల తేడాతో కమ్మీకి తగిలి ఆగిపోతే, చిన్న బండి వంగకుండా దూరి వచ్చింది.

లారీ ఆగిపోతే దాన్ని పంపినవారికి కబురు చేయాలన్న నియమం 1990 నుంచే ఉంది. "ఈ దారిలో 1,492కు మించి పట్టదు" అని, దారిలోని ఇబ్బందులను తెలిపే ఐసీఎంపీ అనే పద్ధతిలో చీటీ ఒకటి కమ్మీ దగ్గరి పరికరం నుంచి సర్వర్‌కు వెళ్లాలి, అది చూసి సర్వర్ సరుకును చిన్న బళ్లకు మార్చుకోవాలి. అయితే ఐసీఎంపీ అంటేనే ప్రమాదమని నమ్మి దాన్ని మొత్తంగా అడ్డగించే ఫైర్‌వాల్‌లు దారిపొడవునా ఉంటాయి, చీటీ వాటి దగ్గరే పోతుంది. చీటీ అందని సర్వర్ అదే ఎత్తున్న లారీని మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ వేచి ఉండే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ పంపుతూనే ఉంటుంది. చివరికి స్విచ్ విసిగి ఆ సంబంధాన్ని వదిలేసి మొదటి పలకరింపు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. పదకొండు రోజులుగా ఆరు స్విచ్‌లూ చేస్తున్నది ఇదే.

అలాంటప్పుడు అదే రౌటర్ వెనుక ఉన్న ల్యాబ్ కంప్యూటర్లలో యూట్యూబ్ ఎలా వచ్చింది? అది వాడే క్విక్ అనే పద్ధతి ప్యాకెట్‌ను 1,200 బైట్లకు దగ్గరగా మొదలుపెట్టి, దారి పడుతుందని పరీక్షించుకున్నాకే పెంచుకుంటుంది, అందుకే దానికి కమ్మీ తగలలేదు. స్విచ్ వాడేది పాత టీసీపీ. పదకొండు రోజులుగా ఒకటి రెండు వెబ్‌సైట్లు మాత్రం తిరుగుతూనే ఉండి తెరుచుకోవడం లేదని విద్యార్థులు చెబుతూ వచ్చారట. ఆ ఫిర్యాదునూ ఎర్రచుక్కలనూ ఎవరూ కలిపి చూడలేదు.

నిర్ధారణకు ల్యాబ్ కంప్యూటర్ నుంచి పింగ్‌కు "ముక్కలు చేయవద్దు" అన్న గుర్తు తగిలించి రెండు కొలతలతో పంపించాను. 1,464 బైట్ల సరుకు వెళ్లింది; పింగ్ శీర్షికలు 28 కలిపితే అది సరిగ్గా 1,492. సరుకును 1,465 చేయగానే ఆగిపోయింది. మందు రౌటర్‌లోనే ఉంది. లోపలి నుంచి వెళ్లే ప్రతి టీసీపీ పలకరింపులోనూ ఉన్న 1,460 అన్న అంకెను రౌటర్ దారిలోనే 1,452గా దిద్దాలి, అప్పుడు అవతలివారు మొదటి నుంచే పొట్టి లారీలు పంపుతారు. కాలిపోయిన పాత రౌటర్ ఈ దిద్దుబాటును అడగకుండానే చేసేది, కొత్తదానిలో ఆ ఎంపిక మూసి ఉంది. తెరిచిన రెండు నిమిషాల్లో డ్యాష్‌బోర్డులో ఐదు చుక్కలు పచ్చబడ్డాయి.

ఆరోది పచ్చబడలేదు. రీసెట్ చేసిన స్విచ్ అది. ఇప్పుడు ధ్రువపత్రం పూర్తిగా వస్తోంది, వచ్చిన వెంటనే స్విచ్ దాన్ని తిరస్కరిస్తోంది. ధ్రువపత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని దానిలోనే రాసి ఉంటుంది, దాన్ని స్విచ్ తన గడియారంతో సరిచూసుకుంటుంది. చాలా స్విచ్‌లలో గడియారాన్ని నిలిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే వాటిలో కొన్ని, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కాలం లెక్క మొదలయ్యే 1970 జనవరి 1కి వెళ్లిపోతాయి. ఆ తేదీన నిలబడి చూసేవారికి ఈనాటి ధ్రువపత్రం ఇంకా పుట్టని పత్రమే. దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి ఇబ్బంది 2021 సెప్టెంబరు 30న ప్రపంచంలోని ఎన్నో పాత పరికరాలకు వచ్చింది. వెబ్‌సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ పత్రాల విషయంలో అవి నమ్ముకున్న పాత మూలపత్రం (మిగతా పత్రాలకు ఆధారమైనది) గడువు ఆ రోజున తీరిపోవడంతో, వాటి గడియారాలు సరిగ్గా ఉన్నా సంబంధాలు తెగిపోయాయి.

గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ పద్ధతిని డేవిడ్ మిల్స్ 1985లో ప్రమాణంగా రాశారు. దాని ప్యాకెట్ సరుకు 48 బైట్లే, ఏ కమ్మీకీ తగలదు. సాధారణంగా అది ధ్రువపత్రం కూడా అడగదు. అడిగితే, పత్రం నమ్మడానికి సమయం కావాలి, సమయం తెలియడానికి పత్రం కావాలి అన్న చిక్కుముడి ఎప్పటికీ విడిపోదు. కానీ కొత్త రౌటర్‌లో వెబ్‌కూ డీఎన్‌ఎస్‌కూ తప్ప మరే పోర్టుకూ (ఇక్కడ పోర్టు అంటే ఒక్కో సేవకు ఇచ్చిన సంఖ్య, తీగ గుచ్చే చోటు కాదు) బయటికి అనుమతి లేదు, ఎన్‌టీపీ వాడే 123వ యూడీపీ పోర్టు మూసి ఉంది. మిగతా ఐదు స్విచ్‌లకు కరెంటు పోలేదు కనుక వాటి గడియారాలు పదకొండు రోజుల్లో మహా అయితే కొన్ని క్షణాలు అటూ ఇటూ అయి ఉంటాయి, ఏ ధ్రువపత్రమూ అంత చిన్న తేడాను పట్టించుకోదు.

123 తెరవమన్నాను. కాసేపటికి ఆ స్విచ్ సొంత పేజీలోని లాగ్‌ను ఫొటో తీసి పంపారు. పైన 1970 జనవరి నాటి పంక్తులు వరుసగా ఉన్నాయి, చివరివాటిలో ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదన్న సందేశమే మళ్లీ మళ్లీ. వాటి కింద, మధ్యలో ఏమీ లేకుండా, ఆ రోజు తేదీతో గడియారం సరిచేసుకున్నట్టు ఒక పంక్తి ఉంది. నాలుగు సెకన్ల తర్వాతి పంక్తిలో క్లౌడ్‌తో సంబంధం కుదిరినట్టు ఉంది.