పూల్‌లో పండిన పంట: పిల్లలకు ఉత్తరం

బుజ్జీ, చిన్నూ,

టెక్సాస్ ఎండలు మండిపోతున్నాయట, జాగ్రత్తగా ఉంటున్నారా? "మేం ఊరెళ్లి వచ్చేసరికి మన పూల్ ఆకుపచ్చగా ఎందుకైపోయింది తాతయ్యా, ఎవరైనా రంగు కలిపారా?" అని బుజ్జి అడిగింది. "ఆ నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపేస్తే సరిపోదా?" అని చిన్నూ అడిగాడు. రెండూ మంచి ప్రశ్నలే. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. అర్థం కాని చోట అమ్మ చేత చదివించుకోండి.

రంగు ఎవరూ కలపలేదమ్మా. మీరు లేనప్పుడు మీ పూల్‌లో ఒక పంట పండింది. పంటకు ఏం కావాలి? నీరు, ఎండ, విత్తనం, ఎరువు. నీరు ఉండనే ఉంది. జూలై నెలలో డాలస్ చుట్టుపక్కల ఎండకు కొరతా? విత్తనం గాలి తెచ్చింది. నాచు మొక్క ఒక్కొక్కటీ కంటికి ఆనదు. దుమ్ముతో, వానతో, పిట్టల కాళ్లతో వచ్చి పడుతుంది. ఇక ఎరువు. మొన్న పెద్ద వాన పడిందని అమ్మ చెప్పింది. ఇంటి ముందు పచ్చికకు వేసిన ఎరువు కొంత ఆ వానకు కొట్టుకొచ్చి పూల్‌లో కలిసి ఉంటుంది. రాలి కుళ్లిన ఆకులూ ఎరువే. మా పొలాల్లో చల్లే డీఏపీలో ఉండే నత్రజని, భాస్వరమే అవి. అన్నీ అమిరితే నాచు ఒక్క రోజులోనే రెట్టింపు కాగలదు. ఇవాళ ఒకటి, రేపు రెండు, ఎల్లుండి నాలుగు... కాగితం తీసుకుని అలా 20 సార్లు రెట్టింపు చేసి చూడండి. పది లక్షలు దాటిపోతుంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు పండలేదు? కలుపు తీసేవాళ్లు ఉన్నారు కాబట్టి. క్లోరిన్ అంటే మీ పూల్‌లో రాత్రీ పగలూ కలుపు తీసే కూలీలే అనుకోండి. పది లక్షల పాళ్ల నీటికి కనీసం ఒక పాలు, క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే స్టెబిలైజర్ అనే మందు వాడే పూల్‌లో రెండు పాళ్లు క్లోరిన్ ఉండాలని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మీ పూల్ 60 వేల లీటర్లని మీ నాన్న చెప్పారు. అంటే ఒక పాలు 60 గ్రాములు. అంత చెరువును కాపాడేది ఆ కాస్త మందే!

అయితే ఈ కూలీలు ఎండకు ఓర్చుకోలేరు. మిట్టమధ్యాహ్నం ఎండలో క్లోరిన్ గంటలోపే సగానికి పడిపోతుంది. అందుకని వాళ్లకు తాటాకు గొడుగులు ఇస్తారు. అదే స్టెబిలైజర్. ఒక చేత్తో గొడుగు పట్టుకుంటే పని కాస్త నెమ్మదిస్తుంది, కానీ మనిషి నిలబడతాడు. గొడుగులు మరీ ఎక్కువైతే మాత్రం కలుపు తీసే చెయ్యే ఖాళీగా ఉండదు. మీ పూల్‌లో తేలుతూ ఉంటుందే, బిళ్లలు వేసిన డబ్బా, ఆ బిళ్లల్లో క్లోరిన్‌తో పాటు గొడుగు కూడా ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, గొడుగు నీళ్లలోనే మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి బిళ్లలే వేసిన పూల్‌లో ఎంత మందు పోసినా పని జరగకపోవడానికి ఇదొక కారణం. అప్పుడు చిన్నూ చెప్పినట్టు కొంత నీరు తీసి కొత్తది పోయాల్సిందే. మొత్తం మాత్రం తీయకూడదు. నేలలో తడి ఎక్కువగా ఉంటే ఖాళీ పూల్ కింద నుంచి పైకి లేచిపోయే ప్రమాదం ఉంది. పైగా కొత్త నీళ్లలోనూ మళ్లీ పండేది ఈ పంటే.

నేల సంగతి కూడా చూడాలి. నేల బిగిసిపోతే కలుపు పీకబోయినప్పుడు పైన తెగుతుంది, వేరు లోపలే ఉండిపోతుంది. పూల్‌లో ఆ నేల గుణాన్ని, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం కొలతను, పీహెచ్ అంటారు. అది 7.2కీ 7.8కీ మధ్య ఉండాలి. ఎనిమిది దాటిందంటే పోసిన క్లోరిన్‌లో చాలా భాగం చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. ఇంకో సంగతి. వరి దుబ్బుల్లో ఊద గడ్డి దాక్కున్నట్టు, గోడలకు అంటుకున్న పాచిలో నాచు దాక్కుంటుంది. పైన జిగురు పొర ఉంటుంది కాబట్టి క్లోరిన్ లోపలికి దిగదు. అందుకే ముందు బ్రష్‌తో గోడలు, మెట్లు, మూలలు రుద్దాలి. పొడుగు కర్ర బ్రష్ మీ ఇద్దరూ పట్టుకోవచ్చు, పక్కన నాన్న ఉంటేనే.

ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. 2016లో రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ పూల్ ప్రపంచమంతా చూస్తుండగా ఆకుపచ్చగా మారింది. ఎవరో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు, అది క్లోరిన్ పని చెడగొట్టింది, నాచు పెరిగింది. కాపలా తప్పితే ఎక్కడైనా ఇంతే.

ఇవాళ సాయంత్రం పొద్దు వాలాక నాన్న పూల్‌కు షాక్ వేస్తారు. అంటే ఒకేసారి చాలా క్లోరిన్ వేయడం, పొలానికి ఊరందరినీ ఒకేసారి దింపినట్టు. రాత్రయితే ఎండ బాధ లేదు, తెల్లారే దాకా పని సాగుతుంది. మందుల డబ్బాల దగ్గరికి మీరు వెళ్లకండి. ఇది ఆటగా చెప్పడం లేదు. రెండు రకాల క్లోరిన్లు ఒకదానితో ఒకటి కలిస్తే మంటలు లేవవచ్చు, విషవాయువు రావచ్చు. ఒకదానిలో వాడిన గరిటె కూడా రెండోదానిలో పెట్టకూడదు. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. ఇది నాన్నకు కూడా చదివి వినిపించండి.

రేపో ఎల్లుండో నీళ్లు చూసి మీరు డీలా పడతారేమో. పచ్చదనం పోయి, బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మసకగా ఉంటాయి. అది మంచి గుర్తు. కలుపు చచ్చింది, కానీ పీకిన గడ్డి ఇంకా పొలంలోనే ఉంది. దాన్ని గట్టు మీదికి మోసే పని ఫిల్టర్‌ది. పంపు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. ఫిల్టర్ లోపలి ఇసుకలో మురికి నిండే కొద్దీ, పీడనం చూపే మీటరు ముల్లు పైకి లేస్తుంది. శుభ్రంగా ఉన్నప్పటి కంటే ఎనిమిది, పది అంకెలు ఎక్కువైతే నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడగాలి. మునిసిపాలిటీ నీళ్ల ప్లాంటులో మేం చేసిందీ అదే పని, కాకపోతే మా ఇసుక తొట్టి మీ ఇల్లంత ఉండేది.

ఇసుకలోంచి కూడా జారిపోయేంత సన్నని మసక ఒకటి ఉంటుంది. దాని సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. మాది కోనసీమ. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువే మా ఊరికి ప్రాణం. ఎండాకాలం కాలువ కట్టేసేవారు. మళ్లీ వదిలాక వర్షాలకు గోదావరి కొత్తనీరు వచ్చేది, ఎర్రగా, చిక్కగా. మా మామ్మ ఆ నీళ్లు కుండలో పోసి, చిల్లగింజను సాన మీద అరగదీసి, ఆ గంధాన్ని కలిపేది. గింజలు లేనప్పుడు పటిక ముక్క తిప్పేది. రాత్రంతా కుండ కదపకూడదు. పరిగెత్తితే కేకలేసేది, నేల అదిరి నీళ్లు కదులుతాయని! తెల్లారేసరికి మట్టంతా అడుగున మెత్తగా పేరుకునేది, పైన తేట నీళ్లలోంచి ఆ మట్టి కనిపించేది. సన్నని మట్టి రేణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పటిక ఆ నెట్టుడు మాన్పిస్తుంది. అవి అతుక్కుని, బరువెక్కి, కిందికి దిగుతాయి. మీ పూల్‌కు దుకాణంలో అమ్మే ఫ్లాక్ అనే మందు చేసేదీ అదే. అది వేశాక పంపు ఆపి నీటిని కదలనివ్వకూడదు. అడుగున చేరినదాన్ని మెల్లగా బయటికి లాగేయాలి.

కానీ మామ్మ కుండ ఒక్కటి చెప్పలేదు. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. అద్దంలాంటి నీళ్లు తాగి కూడా జనం కలరా బారిన పడేవారు. బ్లీచింగ్ పౌడర్ బకెట్టుతో శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి బావుల్లో కలిపే రోజులు నాకు బాగా గుర్తు. మసక తీయడం ఒక పని, క్రిమిని చంపడం ఇంకో పని. నా ఉద్యోగమంతా ఈ రెంటినీ కలిపి చూడటమే. అందుకని పూల్ నీలంగా కనిపించగానే దూకేయకండి. అడుగున ఉన్న తూము మూత స్పష్టంగా కనిపించాలి, క్లోరిన్, పీహెచ్ సరిగ్గా ఉండాలి. క్లోరిన్ సూర్యాస్తమయం తర్వాత ఒకసారి, సూర్యోదయానికి ముందు ఒకసారి కొలిచి రాసుకోమని నాన్నతో చెప్పండి. రాత్రంతా గడిచినా ఒక పాలు కంటే ఎక్కువ తగ్గలేదంటే, ఇక లోపల తినేవాళ్లు ఎవరూ లేరన్నమాట.

మీ వంతు పని కూడా ఉంది. దిగే ముందు ఒంటి మీద నీళ్లు పోసుకోండి, బాత్రూమ్‌కు వెళ్లి రండి. చెమటా, మూత్రమూ నీళ్లలో కలిస్తే క్లోరిన్ వాటి వెంట పడుతుంది. కలుపు తీయాల్సిన కూలీ చేత మన ఇంటి అంట్లు తోమించినట్టే. పూల్‌లో ముక్కుకు ఘాటుగా కొట్టే వాసన అలా పాడైన క్లోరిన్‌దే. ఆకులు రోజూ వలతో తీసేయండి. రోజూ కాస్త చేసే పనికి వారం కష్టం తప్పుతుంది.

నాచును ఇంతసేపు కలుపు అన్నాను, అది నాకే బాగా లేదు. మీ పూల్‌కు కలుపు గానీ, భూమి మీద ఏటా పుట్టే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రాల్లో, చాలా మటుకు ఇలాంటి కంటికి ఆనని జీవాల వల్లే పుడుతుంది. అంత చిన్నది అంత పని ఎలా చేస్తుందో తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యమే. నేను చెప్పడం కంటే మీరు చూడటం నయం.

నాన్న షాక్ వేసేలోపు రెండు గాజు సీసాల్లో ఆ పచ్చనీళ్లు నింపించుకోండి. మూత బిగించకండి. ఒకటి ఎండ తగిలే కిటికీలో, ఒకటి చీకటి అలమరలో పెట్టండి. కిటికీ సీసా గోడకు బుడగలు కడతాయేమో మధ్యాహ్నం చూడండి. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. స్కూల్లో టీచర్‌ను అడిగి ఒక్క చుక్క మైక్రోస్కోప్ కింద చూడండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. కనిపించింది కనిపించినట్టు బొమ్మ గీసి పంపండి. ఏ సీసాలోదో పైన రాయడం మరిచిపోవద్దు.

మీ తాతయ్య