నోటి దాకా వచ్చిన ఆకు

పిల్లలూ,

ఇంటికి రెండు గినీ పిగ్‌లను తెచ్చుకున్నామని, వాటికి ఏం పెట్టాలో చెప్పమని రాశారు కదా. చెబుతాను. కానీ ముందు మా చిట్టి సంగతి వినండి. అది వింటే ఏం పెట్టాలో, ఎందుకు పెట్టాలో మీకే తెలుస్తుంది.

చిట్టి నేను పెంచిన గినీ పిగ్. ఆకుల సంచి చప్పుడైతే చాలు, గూట్లోంచి ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చేది. దానికి నాలుగో ఏడు నడుస్తుండగా ఒకరోజు అలాగే వచ్చి, క్యాప్సికమ్ ముక్క నోట కరుచుకుంది. రెండుసార్లు నమిలి, తల ఒక పక్కకి వంచి, ముక్క కింద పడేసింది. మళ్లీ అందుకుంది, మళ్లీ పడేసింది. కాసేపు ఆ ముక్క ముందే కూర్చుని వెనక్కి వెళ్లిపోయింది. మొహం మొత్తిందేమో, గారాలు పోతోందేమో అనుకున్నాను. మర్నాడు మెత్తటి దోసకాయ పెడితే కొంచెం తింది. దాంతో నా అనుమానం నిజమేననిపించింది. గడ్డం కింద బొచ్చు తడిగా ఉంటే నీళ్లు తాగినప్పుడు కారి ఉంటాయనుకున్నాను.

పది రోజుల తర్వాత ఒళ్లోకి తీసుకుంటే వీపు ఎముకలు వేళ్లకి తగిలాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మొదట చూపించిన డాక్టరు ముందు పళ్లు చూసి బాగానే ఉన్నాయన్నారు. మర్నాడు చిన్న జంతువులకి వైద్యం చేసే అలవాటున్న ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, లైటు వేసి లోపలికి చూశారు. నన్నూ చూడమన్నారు. కింది దవడ పళ్లు రెండు వైపుల నుంచీ లోపలికి పెరిగి, నాలుక మీద వంతెన కట్టినట్టు కలవబోతున్నాయి. నాలుక వాటి కింద ఇరుక్కుపోయింది. అంటే ఆ పది రోజులూ చిట్టికి ఆకలి ఉంది, తినాలని ఉంది. నోటి దాకా వచ్చిన ఆకుని లోపలికి తోసుకునే దారే లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను. గినీ పిగ్‌కి మొత్తం 20 పళ్లు. బయటికి కనిపించేవి ముందున్న 4 మాత్రమే. వాటి వెనక కొంత ఖాళీ చోటు, ఆ వెనక చెంపల్లో 16 దవడ పళ్లు ఉంటాయి. మన పళ్లలా ఒకసారి వచ్చి ఆగిపోవు, ఈ 20 పళ్లూ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎంత పెరుగుతాయో అంతా అరిగిపోవాలి. అరగదీసేది గడ్డి. గడ్డిలో సిలికా అనే గరుకు పదార్థం ఉంటుంది. పైగా గడ్డి పీచుని నలపాలంటే దవడ అడ్డంగా కదలాలి, తిరగలి రాళ్లు ఒకదానిమీద ఒకటి రాసుకున్నట్టు. రోజంతా ఈ పని జరిగితేనే పళ్లు సరైన కొలతలో ఉంటాయి. గింజలు, బిస్కెట్లలాంటి మేత, పెల్లెట్లు (గుళికల్లా నొక్కిన మేత) అయితే నాలుగు నొక్కులకే పొడైపోతాయి. కడుపు నిండుతుంది గానీ పళ్లు అరగవు. అప్పుడు కింది పళ్లు నాలుక వైపు, పై పళ్లు చెంప వైపు మొనదేలతాయి. ఆ మొనలు గుచ్చుకుని పుండ్లు పడతాయి. నొప్పికి నమలడం తగ్గిస్తుంది, నమలడం తగ్గితే పళ్లు ఇంకా పెరుగుతాయి. కొన్నిసార్లు పంటి వేరు కూడా లోపలికి పెరిగి కింది దవడ మీద గడ్డలా తగులుతుంది, లేదా కంట్లోంచి నీరు కారుతుంది. అది తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: ఎండుగడ్డి. తిమోతి గడ్డి లాంటిది, పగలూ రాత్రీ, గూట్లో ఎప్పుడూ అయిపోకుండా ఉండాలి. అవి తినే తిండిలో ఎక్కువ భాగం అదే కావాలి. పెల్లెట్లు రోజుకి ఒక చెంచాడు చాలు. కొరకడానికి చెక్కముక్కలు పెడితే పళ్లు అరుగుతాయని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అవి ముందు పళ్లకి కొంత పనికొస్తాయేమో గానీ, చెక్క దవడ పళ్ల దాకా పోదు. చిట్టికి చెక్కలు కొన్నాను, గడ్డి మాత్రం తక్కువ పెట్టాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

గడ్డితో పాటు రోజూ విటమిన్ సి కావాలి. చాలా జంతువులు తమ ఒంట్లోనే దాన్ని తయారు చేసుకుంటాయి. మనమూ గినీ పిగ్‌లూ చేసుకోలేం. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు, నావికులకి వచ్చే జబ్బు గురించి తెలుసుకోవాలని గినీ పిగ్‌లకి ఉత్త ధాన్యం పెట్టి చూశారు. వాటికి అచ్చం మనుషులకి విటమిన్ సి లేక వచ్చే స్కర్వీ జబ్బే వచ్చింది. ఈ విటమిన్ లేకపోతే పళ్లని పట్టి ఉంచే కణజాలం బలహీనమై పళ్లు కదులుతాయి, కీళ్లు నొప్పిపుడతాయి, తిండి మానేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నదానికి కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు సరిపోతుంది. రోజూ కాస్త క్యాప్సికమ్, ఆకుకూరలు పెడితే చాలావరకు అందుతుంది. తాగే నీళ్లలో విటమిన్ సి చుక్కలు కలపకండి. వెలుతురుకి విటమిన్ పాడవుతుంది, రుచి మారిందని నీళ్లు తాగడమూ తగ్గిస్తాయి.

ఇప్పుడు అసలు పని. వంటింట్లో గ్రాములు చూపించే త్రాసు ఉంది కదా, దానిమీద ఒక గిన్నె పెట్టి, వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకి రెండింటినీ తూచండి. పెద్దవి మామూలుగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటాయి. ఇరవై ముప్ఫై గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. 50 గ్రాములు తగ్గితే రోజూ తూచడం మొదలుపెట్టి, అమ్మకి చెప్పి డాక్టరుకి చూపించండి. గినీ పిగ్ వేటాడే జంతువుకి ఆహారమయ్యే ప్రాణి కాబట్టి జబ్బుని పైకి తెలియనివ్వదు. బొచ్చు దట్టంగా ఉండడంతో చిక్కిపోయిన సంగతి కంటికీ కనబడదు. త్రాసుకి మాత్రం తెలిసిపోతుంది. ఆ పది రోజుల్లో ఒక్కసారి తూచినా చిట్టి అంత బాధ పడేది కాదు.

తూచడంతో పాటు, ఆకులు పెట్టి వెళ్లిపోకుండా ఐదు నిమిషాలు పక్కన కూర్చోండి. ఆశగా వచ్చి ముద్ద జారవిడుస్తోందా? గట్టివి వదిలేసి మెత్తనివే ఏరుకుంటోందా? గడ్డం తడిగా ఉందా? పెంటికలు చిన్నవిగా, తక్కువగా అయ్యాయా? వీటిలో ఏది కనబడినా గారాలనుకోకండి. అన్నిసార్లూ పళ్లే కారణం కాకపోవచ్చు. మూత్రాశయంలో రాయి ఉన్నా, ఎండదెబ్బ తగిలినా తిండి మానేస్తాయి. ఏదైనా సరే, పగటి నుంచి రాత్రి దాకా ఏమీ తినకపోతే తెల్లారేదాకా ఆగవద్దు. వాటి పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. ఆగాయంటే గ్యాస్ పట్టేసి ప్రాణం మీదికొస్తుంది.

డాక్టరు గారిని "వెనక పళ్లు చూశారా?" అని అడగండి, మొహమాటపడకండి. ముందు పళ్లు పెరిగినట్టు కనిపిస్తే, చాలాసార్లు అసలు తంటా వెనకే ఉంటుంది. ఇంట్లో గోళ్లు తీసే కత్తెరతో ఆ పళ్లు కత్తిరించడానికి ఎవరినీ ఒప్పుకోకండి, పన్ను నిలువునా చీలిపోతుంది. మిగిలిపోయిన మన మందులేవీ వేయకండి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే వాటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పోయి, ప్రాణాలే పోవచ్చు.

చిట్టికి పళ్లు అరగదీశాక వారం రోజులు సిరంజితో తినిపించాను. డాక్టరు గారిచ్చిన పొడి కలిపి, తువ్వాలులో చుట్టి, ముందు పళ్ల వెనక ఉన్న ఆ ఖాళీలోంచి కొద్దికొద్దిగా పెట్టాలి. గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కో గుక్కా నమిలి మింగేదాకా ఆగేదాన్ని. ఎనిమిదో రోజు తెల్లారగట్ల గూట్లోంచి కరకరమని చప్పుడు వినబడింది. గడ్డిపోచ ఒకటి నోట్లోకి ముడుచుకుంటూ పోతోంది. తర్వాత రెండేళ్లు బతికింది, మధ్యమధ్యలో పళ్లు అరగదీయిస్తూనే ఉన్నాను.

ఈ ఆదివారం పొద్దున్నే రెండింటినీ తూచి అంకెలు నాకు రాసి పంపండి. నల్లదానివి ఒక వరుసలో, గోధుమరంగు దానివి ఒక వరుసలో.

ప్రేమతో,
అమ్మమ్మ