బిల్లులో కనబడని నష్టం: మార్షల్ ఫిషర్ పరిశోధనలు

షాపుకు వచ్చి, కావలసింది దొరక్క వెనక్కి వెళ్లిపోయిన మనిషి ఏ బిల్లులోనూ కనబడడు. ఆ రోజు ఎంత అమ్మామో షాపువాళ్లకు తెలుస్తుంది. అమ్మగలిగి ఉండీ చేజార్చుకున్నది ఎంతో తెలియదు. రిటైల్ వ్యాపారం మీద వచ్చిన మంచి పరిశోధనలో చాలా భాగం ఈ తెలియని మొత్తాన్ని కొలవడానికే పుట్టింది. అది ఎలా ఎదిగిందో అర్థం చేసుకోవడానికి ఒక్క మనిషి పరిశోధన జీవితాన్ని వరసగా చూస్తే చాలని నాకనిపిస్తుంది. ఆయన అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వార్టన్ స్కూల్ ప్రొఫెసర్ మార్షల్ ఫిషర్.

ఫిషర్ షాపులతో మొదలుపెట్టలేదు. ఆయన తొలి పేరు ట్రక్కుల లెక్కల్లో వచ్చింది. ఒక గోదాము నుంచి చాలామందికి సరుకు చేరవేయాలి, ఏ ట్రక్కు ఎవరి దగ్గరికి ఏ వరసలో వెళ్లాలి? 1959లో డాంట్జిగ్, రామ్సర్ అనే పరిశోధకులు పెట్రోలు ట్రక్కుల విషయంలో ఈ ప్రశ్నను గణితంగా రాసి పెట్టారు. చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ పది చోట్లకు వెళ్లే వరసలే 36,28,800 ఉంటాయి. ఇరవై చోట్లయితే ఆ సంఖ్య 2 పక్కన పద్ధెనిమిది సున్నాలు పెట్టినదాన్ని దాటిపోతుంది. చోట్లు ఇంకా పెరిగితే అన్నీ ఒక్కొక్కటిగా చూసి మంచిది ఎంచుకోవడం ఏ కంప్యూటర్‌కీ సాధ్యం కాదు.

1981లో ఫిషర్ రెండు ముఖ్యమైన పత్రాలు ప్రచురించారు. రామచంద్రన్ జైకుమార్‌తో కలిసి రాసినదానిలో పనిని రెండుగా విడగొట్టారు. ముందు ఏ కస్టమర్ ఏ ట్రక్కుకో తేల్చుకోవాలి, ఆ తర్వాత ఒక్కో ట్రక్కుకు దారి వెయ్యాలి. రెండో పత్రం లగ్రాంజియన్ రిలాక్సేషన్ అనే పద్ధతి గురించి. ఒక లెక్కను మొండిగా మార్చేవి అందులోని కొన్ని నిబంధనలే అయినప్పుడు, వాటిని తప్పనిసరి అనడం మానేసి, తప్పితే ఇంత జరిమానా అని ధర కడతారు. అప్పుడు లెక్క తేలికవుతుంది. జరిమానాను సరిచేసుకుంటూ పోతే అసలు జవాబు దగ్గరకు చేరతాం. ఇంకో లాభం కూడా ఉంది. ఖర్చు ఇంతకంటే కిందికి దిగడం అసాధ్యం అనే హద్దు కూడా ఈ పద్ధతి చెబుతుంది. కాబట్టి చేతిలో ఉన్న జవాబు ఎంత మంచిదో తెలిసిపోతుంది.

ఈ పద్ధతి కాగితం మీదే ఉండిపోలేదు. ఎయిర్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ ద్రవ రూపంలో ఉన్న పారిశ్రామిక వాయువులను కస్టమర్ల ట్యాంకులకు చేరవేస్తుంది. దానికోసం ఫిషర్, జైకుమార్ ఉన్న బృందం తయారుచేసిన కంప్యూటర్ వ్యవస్థ 1981 అక్టోబర్‌లో పని మొదలుపెట్టింది. 8 లక్షల చరరాశులు, 2 లక్షల నిబంధనల దాకా ఉన్న లెక్కలను అది దాదాపు అత్యుత్తమ స్థాయిలో పరిష్కరించి, నిర్వహణ ఖర్చులో 6 నుంచి 10 శాతం మిగిల్చింది. 1983లో ఆ బృందానికి ఎడెల్‌మన్ ప్రైజ్ వచ్చింది, ఇలాంటి గణిత పద్ధతులను ఆచరణలో పెట్టినందుకు ఇచ్చే బహుమతి అది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ వ్యవస్థలో ఉన్న మరో భాగం. ఏ కస్టమర్ ఎంత వాయువు వాడుతున్నాడో, ట్యాంకు ఎప్పటికి ఖాళీ అవుతుందో కూడా అది అంచనా వేసుకునేది. దారి ఎంత చక్కగా వేసినా, ఆ అంచనా తప్పితే ట్రక్కు అవసరం లేని చోటికి వెళ్తుంది.

వాయువు వాడకాన్ని అంచనా వెయ్యడం కొంత నయం. ఫ్యాషన్ బట్టలకు గిరాకీ అంచనా వెయ్యడం అలాంటిది కాదు. 1990లలో ఫిషర్, జానిస్ హామండ్, అనంత్ రామన్ కలిసి స్పోర్ట్ ఓబర్‌మేయర్ అనే కంపెనీతో పనిచేశారు. కొలరాడోలోని ఆస్పెన్ కేంద్రంగా మంచు మీద స్కీయింగ్ చేసేవారి దుస్తులు అమ్మే సంస్థ అది. సీజన్ చిన్నది, డిజైన్లు ఏటా మారతాయి. కుట్టు పని ఆసియాలో జరగాలి కాబట్టి, ఒక్క షాపు నుంచీ ఆర్డర్ రాకముందే సరుకులో పెద్ద భాగం తయారీకి పంపెయ్యాలి. ఏ జాకెట్ ఎన్ని అమ్ముడవుతుందో కంపెనీలో ఒక కమిటీ కూర్చుని, మాట్లాడుకుని, అందరూ ఒప్పుకున్న ఒక అంకె రాసేది.

పరిశోధకులు చేసిన మార్పు చాలా చిన్నది. ఆరుగురు సభ్యులనూ ఎవరి అంకె వాళ్లను విడిగా రాయమన్నారు. సగటు ఎలాగూ వస్తుంది. అసలు విషయం ఆ అంకెల మధ్య ఉన్న తేడాలో దొరికింది. ఆరుగురూ దగ్గర దగ్గరగా చెప్పిన జాకెట్ల అమ్మకాలు ఇంచుమించు అంచనా ప్రకారమే జరిగాయి. తలో మాట చెప్పిన జాకెట్ల విషయంలో అంచనాలు బాగా తప్పాయి. కలిసి కూర్చుని రాజీపడి రాసిన ఒక్క అంకెలో ఈ సమాచారం మొత్తం తుడిచిపెట్టుకుపోయేది. ఎవరు ఎంత గట్టిగా వాదించారన్నదే మిగిలేది.

ఇది తెలిశాక తయారీ క్రమం మార్చారు. నమ్మకంగా చెప్పగలిగిన జాకెట్లను ముందు కుట్టిస్తారు. ఎటూ తేలని వాటికి ఆగుతారు. మార్చిలో లాస్ వేగాస్‌లో జరిగే వాణిజ్య ప్రదర్శనలో దుకాణదారుల ఆర్డర్లు మొదలవుతాయి. ఆ కొద్దిపాటి ఆర్డర్లు చూశాక తేలని వాటి సంగతి కూడా చాలావరకు తేలిపోతుంది. వాటికోసం ఖాళీగా ఉంచిన మిషన్లు అప్పుడు పనికొస్తాయి. అంచనాను మెరుగుపరచడం ఒక దారి. ఎక్కడ అంచనా వెయ్యలేమో తెలుసుకుని, అక్కడ నిర్ణయం వాయిదా వేసే వీలు కల్పించుకోవడం ఇంకో దారి. నా దృష్టిలో ఫిషర్ జీవితం మొత్తంలో ఇంతకంటే అందమైన పని లేదు. దీని గణిత రూపం 1996లో రామన్‌తో కలిసి ప్రచురించారు.

మరుసటి ఏడాది వచ్చిన వ్యాసంలో ఆయన దీన్ని అన్ని రకాల సరుకులకూ విస్తరించారు. సప్లై చైన్‌కు, అంటే సరుకు తయారీ నుంచి కస్టమర్‌ను చేరేదాకా ఉన్న ఏర్పాటు మొత్తానికి, రెండు రకాల ఖర్చులున్నాయన్నారు. తయారీ, రవాణా, నిల్వ ఖర్చులు కంటికి కనబడతాయి. గిరాకీకీ సరుకుకీ పొత్తు కుదరక వచ్చే ఖర్చు కనబడదు. ఎక్కువైతే డిస్కౌంటు మీద తోలెయ్యాలి, తక్కువైతే అమ్మకం చేజారిపోతుంది. నిలకడగా అమ్ముడయ్యే సరుకుల్లో అంచనా సగటున 10 శాతం తప్పితే, కొత్తదనం మీద అమ్ముడయ్యే వాటిలో 40 నుంచి 100 శాతం దాకా తప్పుతుందని ఆ వ్యాసం చెప్పింది. మొదటి రకానికి చౌకగా నడిచే సప్లై చైన్ కావాలి. రెండో రకానికి, ఖర్చు కాస్త ఎక్కువైనా చురుగ్గా స్పందించే ఏర్పాటు కావాలి. కంపెనీలు కనబడే ఖర్చునే తగ్గించుకుంటూ రెండో రకం సరుకుకూ మొదటి ఏర్పాటే చేస్తున్నాయన్నది ఆయన ఫిర్యాదు.

తర్వాత ప్రశ్న షాపు లోపలికి వచ్చింది. సరుకు గోదాము దాటి షాపుకు చేరాక కూడా కస్టమర్‌కు దొరకకపోవచ్చు. నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్ ఒక రిటైల్ సంస్థకు చెందిన 37 షాపుల్లో దాదాపు 3,70,000 స్టాక్ రికార్డులను అసలు లెక్కతో పోల్చారు. 65 శాతం తప్పుగా ఉన్నాయి. దీనికి కారణాలు పెద్దవేమీ కావు. మూడు రకాల సబ్బులను ఒకే రకంగా స్కాన్ చేసి ఉంటారు, పెట్టె వేరే అరలో పెట్టి ఉంటారు, ఏదో దొంగతనానికి పోయి ఉంటుంది. అర ఖాళీ అయినా కంప్యూటర్‌లో ఇంకా రెండు ఉన్నట్టు చూపిస్తే కొత్త ఆర్డర్ వెళ్లదు. అమ్మకం లేదు కాబట్టి గిరాకీ లేదని వ్యవస్థ అనుకుంటుంది. ఆ తప్పు తనంతట తాను బయటపడదు.

ఇలాంటి పొరపాట్లు సరిచెయ్యాల్సింది సిబ్బంది. జీతాలు ప్రతి నెలా ఖర్చుల పట్టికలో కనబడతాయి కాబట్టి వాటినే ముందు కోస్తారు. ఫిషర్, శాంటియాగో గల్లినో, సెర్గెయ్ నెటెసిన్ దీన్ని తెలివిగా పట్టుకున్నారు. షాపులో అనుకున్నంత మందీ రోజూ రారు. సెలవులు, అనారోగ్యాల వల్ల ఎంతో కొంత తేడా ఉంటుంది. ఆ తేడాలున్న రోజుల అమ్మకాలను పోల్చి, ఒక్కో షాపులో ఒక్క మనిషి తగ్గితే ఎంత పోతుందో లెక్కగట్టారు. తర్వాత, ఎక్కడ లాభమని లెక్క చెప్పిందో అక్కడ మనుషుల్ని పెంచి పరీక్షించారు. జీతాలకు పెట్టినదానికంటే వచ్చిన లాభం ఎక్కువైంది.

ఇంటికి డెలివరీ వచ్చేసరికి ట్రక్కు లెక్క మళ్లీ ముందుకొచ్చింది. కానీ ఈసారి ఖర్చు స్వభావం వేరు. ఒక ప్రాంతంలో విడివిడిగా ఉన్న ఇళ్లన్నీ తిరిగి రావాలంటే పట్టే దూరం ఇళ్ల సంఖ్యకు వర్గమూలంగా పెరుగుతుందని 1959లోనే గణితంలో నిరూపించారు. అంటే అదే ప్రాంతంలో ఇళ్లు నాలుగు రెట్లయితే ఇంటికి పడే దూరం సగమవుతుంది. కస్టమర్లు పలచగా ఉన్నచోట ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా పెద్దగా చెయ్యగలిగింది లేదు. పైగా ఈ అరగంటలోనే రావాలని కస్టమర్ కోరితే పక్క పక్క ఇళ్లు కూడా వేర్వేరు ట్రిప్పుల్లోకి వెళ్లిపోతాయి. 1996లో మొదలై, అరగంట స్లాట్లలో సరుకులు అందిస్తామన్న వెబ్‌వాన్ 2001 జులైలో దివాలా తీసింది.

మరి త్వరగా అందించడం వల్ల వచ్చే లాభమెంత? దీనికి జవాబు దొరకడం కష్టం. వేగాన్ని ప్రకటనలో చెబితే పెరిగిన అమ్మకం ప్రకటన వల్లో వేగం వల్లో తేల్చలేం. ఫిషర్, గల్లినో, జోసెఫ్ షూ కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆ చిక్కు లేదు. ఒక అమెరికన్ దుస్తుల సంస్థ కొత్త పంపిణీ కేంద్రం తెరిచింది. దానివల్ల పశ్చిమ రాష్ట్రాలవారికి ఆన్‌లైన్ ఆర్డర్లు త్వరగా అందడం మొదలైంది. సంస్థ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగతా రాష్ట్రాలతో పోల్చి చూస్తే, డెలివరీ ఒక్కో పనిదినం తగ్గినందుకు ఆన్‌లైన్ అమ్మకాలు సగటున 1.45 శాతం పెరిగాయి. ఆ ప్రాంతంలో ఆ సంస్థ షాపుల అమ్మకాలు కూడా పెరిగాయి. పెరుగుదల ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. పార్సిల్ అనుకున్నదానికంటే ముందే రావడం అనుభవంలోకి వచ్చినకొద్దీ జనం మళ్లీ మళ్లీ ఆర్డర్ చేశారు.

ఈ 1.45ని ఎక్కడపడితే అక్కడ వాడటం సరికాదు. ఆ కొలత ఏడు పనిదినాల డెలివరీ నుంచి మొదలైంది. ఏడు రోజులు ఆరు రోజులవడం వేరు, ముప్పై నిమిషాలు పది నిమిషాలవడం వేరు. వేగాన్ని అక్కడిదాకా తెచ్చేసరికి ట్రక్కు దగ్గర కుదించే దూరం ఏమీ మిగలదు. ప్రతి పేటలోనూ చిన్న గోదాము పెట్టి స్టాక్‌ను ముక్కలు చెయ్యాల్సి వస్తుంది. ముక్కలైన స్టాక్‌లో ఒక్కో చోట గిరాకీ అంచనా మరింత కష్టమవుతుంది, కొన్నిచోట్ల సరుకు మిగులుతుంది, కొన్నిచోట్ల దొరకదు. ఆ ఖర్చును కూడా కలిపి కొలిచేదాకా పది నిమిషాల డెలివరీ లాభమో నష్టమో ఈ అంకె చెప్పలేదు.