టెర్మినల్‌లో రంగులు ఎలా వస్తాయి?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే అక్షరాల కిటికీలో, తప్పు దొర్లితే ఎర్రగా, టెస్టు పాసైతే ఆకుపచ్చగా అక్షరాలు వస్తాయి కదా, మన ప్రోగ్రాములోనూ అలా తెప్పించడం ఎలా అని అడిగారు. పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, చెప్తాను.

ప్రోగ్రాము నుంచి టెర్మినల్‌కి వెళ్లేవి అక్షరాలే, ఒకదాని వెనక ఒకటి వరసగా. రంగులకంటూ వేరే దారి లేదు. అందుకని "రంగు మార్చు" అనే ఆజ్ఞ కూడా ఆ వరసలోనే దూరి వెళ్లాలి. మరి ఏది తెర మీద చూపించాలో, ఏది పాటించాలో టెర్మినల్‌కి తెలిసేదెలా? అందుకోసం ఎస్కేప్ అనే అక్షరం ఉంది. దాని నంబరు 27. తెర మీద దానికంటూ రూపం లేదు. అది రాగానే, ఇక వచ్చేది ఆజ్ఞ అని టెర్మినల్ గ్రహిస్తుంది.

పైథాన్‌లో కొటేషన్ల మధ్య "\033[31" అని కొట్టి, ఖాళీ వదలకుండా చిన్న ఎమ్ పెట్టండి. ఆ తర్వాత ఏం రాసినా ఎర్రగా వస్తుంది. 033 అనేది ఆక్టల్ లెక్క, అంటే ఎనిమిదుల లెక్క: మూడు ఎనిమిదులు 24, ఇంకో 3 కలిపితే 27. అదే మన ఎస్కేప్. చివరి ఎమ్ ఆజ్ఞ అయిపోయిందని చెబుతుంది, అది ఏ రకం ఆజ్ఞో కూడా చెబుతుంది. ఎమ్ అంటే అక్షరాల తీరు మార్చడం. బ్రాకెట్ తర్వాత 2 వేసి పెద్ద జె పెట్టారనుకోండి, తెర మొత్తం తుడిచేస్తుంది.

ఇక 31 సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ముప్పైలు అక్షరం రంగుకి, నలభైలు దాని వెనక రంగుకి. రెండో అంకె అసలు రంగు: 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 4 నీలం. మరి 3 ఏమిటి? 1, 2 కలిస్తే 3. అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిపి పసుపు! బొమ్మలేసే రంగులు ఇలా కలిపితే పసుపు రాదని మీరంటారు, నిజమే. కానీ తెర మీద కలిసేది వెలుగు. అలాగే 5 అంటే ఎరుపూ నీలమూ కలిసిన మెజెంటా, 6 అంటే ఆకుపచ్చా నీలమూ కలిసిన సయాన్. మూడూ కలిస్తే 7, తెలుపు. ఏదీ లేకపోతే 0, నలుపు. ఎనిమిది రంగుల్నీ బట్టీ పట్టక్కర్లేదు, కూడిక వస్తే చాలు.

ఈ ఆజ్ఞల పద్ధతి పాతదే. ఎక్మా-48 అనే ప్రమాణం మొదటి కూర్పు 1976లో వచ్చింది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 అనే టెర్మినల్ యంత్రంతో ఇది బాగా వ్యాపించింది. తమాషా ఏమిటంటే ఆ వీటీ100కి రంగులే లేవు!

ఎనిమిదీ చాలకపోతే 31 బదులు 38;5; పెట్టి, దాని తర్వాత 0 నుంచి 255 వరకు ఏదో ఒక నంబరు ఇవ్వొచ్చు. 38;2; తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు విడివిడిగానూ ఇవ్వొచ్చు, కాకపోతే అన్ని టెర్మినళ్లకీ ఇది తెలియదు. నన్నడిగితే మొదటి ఎనిమిదే మేలు. వాటి ఛాయ ఎలా ఉండాలో వాడేవాళ్లు తమ టెర్మినల్ సెట్టింగ్స్‌లో కళ్లకు నచ్చినట్టు పెట్టుకుని ఉంటారు.

రంగు వేశాక ఆపడం మర్చిపోవద్దు. పంపు తిప్పి కట్టేయకపోతే నీళ్లు పోతూనే ఉన్నట్టు, మీ ప్రోగ్రాము ముగిసినా తర్వాతి అక్షరాలు ఎర్రగానే రావచ్చు. 31 బదులు 0 పెట్టి అదే ఆజ్ఞ ఇస్తే అంతా మామూలవుతుంది.

ఇంకో చిక్కుంది. ప్రోగ్రాము ఇచ్చేదాన్ని ఫైల్లోకి మళ్లిస్తే ఆజ్ఞలు కూడా అందులోకే పోతాయి. కొన్ని ఎడిటర్లలో తెరిస్తే మాటల మధ్య ^[[31 లాంటి చెత్త కనబడుతుంది. అందుకే మంచి ప్రోగ్రాములు అవతల ఉన్నది టెర్మినలో కాదో ముందు కనుక్కుని, కాకపోతే రంగుల జోలికి పోవు. ఆ కబురు చెప్పే ఫంక్షన్ పైథాన్‌లోనూ ఉంది, దాని పేరు ఈజ్‌ఏటీటీవై (isatty). నో కలర్ (NO_COLOR) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రాములన్నీ చూడగలిగే సెట్టింగు, ఎవరైనా పెట్టుకుని ఉంటే, వాళ్లకి రంగులు వద్దని అర్థం. అదీ చూసుకోండి.

ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని కళ్లూ ఉంటాయి. కాబట్టి రంగు వేసినా, పక్కన "తప్పు" అనో "సరే" అనో మాట కూడా రాయండి. అలా రాస్తే ఫైల్లోకి రంగు లేకుండా వెళ్లినా విషయం తెలుస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య