పెళ్ళి వీడియోలో ఆ దువ్వెన గీతలు ఎక్కడివి?

మా అక్క పెళ్ళి మినీ డీవీ క్యాసెట్‌ని సికింద్రాబాద్‌లో ఒక షాపులో ఫైలుగా మార్పించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్త టీవీకి పెట్టాం. తలంబ్రాలు పోసేటప్పుడు అక్క చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ ఆ చేతి అంచు దువ్వెన పళ్ళలా అడ్డంగా చీలిపోతోంది, గాజులు రెండేసి కనిపిస్తున్నాయి, పక్కన కదలకుండా కూర్చున్న పంతులుగారు మాత్రం శుభ్రంగా ఉన్నారు. "క్యాసెట్ పాడైపోయిందిరా" అని అమ్మ బాధపడింది.

పాడవలేదు. ఆ గీతల కథ 1930ల నాటిది.

అప్పటి పిక్చర్ ట్యూబులో సెకనుకు 25 బొమ్మలే చూపిస్తే కదలిక బాగానే ఉంటుంది గానీ తెర మినుకుమినుకుమంటూ కళ్ళు లాగేస్తుంది. పోనీ 50 పూర్తి బొమ్మలు పంపుదామంటే ప్రసారానికి రెట్టింపు జాగా కావాలి. అందుకే బొమ్మని గీతలుగా విడదీసి, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు పంపడం మొదలుపెట్టారు. 1936లో లండన్‌లో బీబీసీ మొదలుపెట్టిన 405 గీతల ప్రసారం ఈ పద్ధతిదే. దీన్నే ఇంటర్లేసింగ్ అంటారు. 1982లో, ఢిల్లీ ఏషియాడ్ ఏడాది, మనకి రంగుల టీవీ వచ్చినప్పుడు తీసుకున్న పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలోనూ అంతే: 625 గీతలు, సెకనుకు 50 సగం బొమ్మలు.

క్యామ్‌కార్డర్లు ఆ టీవీల కోసమే పుట్టాయి కాబట్టి అవీ సగం సగమే తీసేవి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ రెండు సగాలూ ఒకే క్షణానివి కావు, మధ్యలో సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. పాత టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపించేది, కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఎల్‌సీడీ అన్ని గీతల్నీ ఒకేసారి వెలిగిస్తుంది. ఈలోగా చెయ్యి జరిగిపోయింది కదా, రెండు చోట్లా కనిపిస్తుంది.

నిజానికి ఫైలులో ఇంటర్లేస్డ్ అనే గుర్తు ఉంటే ఈ టీవీలు చాలావరకు సర్దుకుంటాయి. మా ఫైలులో ఆ గుర్తు లేదు, పైగా సైజు మార్చేశారు. గీతలు కలిసిపోయాక మళ్ళీ విడదీయడం దాదాపు కుదరదు, నాకు కోపం వచ్చింది అందుకే.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇక్కడి ఇళ్ళలో ఇంకో రకం ఇబ్బంది. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఆ క్యామ్‌కార్డర్ 525 గీతలది, సెకనుకు దాదాపు 60 సగాలు. దాన్ని అప్పట్లో ఇక్కడి పాత టీవీకి తగిలిస్తే బొమ్మ పైకీ కిందికీ దొర్లేది, లేదా రంగు పోయి నలుపు తెలుపులో వచ్చేది. దానితోనే ఇక్కడి ఫంక్షన్ హాల్లో ట్యూబ్‌లైట్ల కింద షూట్ చేస్తే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వెలుగు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటూ కెమెరా లయతో కలవక వీడియో అంతా అదిరేది. ఈ అదురు మాత్రం క్యాసెట్‌లోనే ఉండిపోతుంది.

మేం రెండోసారి క్యాసెట్‌ని ఫైర్‌వైర్ కేబుల్‌తో (క్యామ్‌కార్డర్‌ని కంప్యూటర్‌కి కలిపేది) ఉన్నది ఉన్నట్టుగా దించుకున్నాం. డీవీలో సరి గీతల సగమా, బేసి గీతల సగమా, ఏది ముందు వస్తుందో సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా చెప్పాలి, తిరగబడితే మనుషులు ముందుకీ వెనక్కీ ఊగుతారు. అది చూసుకుని, ఒక్కో సగాన్నీ పూర్తి బొమ్మగా చేసి సెకనుకు 50 బొమ్మలతో ఫైలు తీశాం. తలంబ్రాల దగ్గర ఆపి చూస్తే అక్క చేతికి గాజులు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. అమ్మ లెక్కపెట్టింది కూడా.