మందు పరీక్షకు కాపలా ఎవరు?

ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతింటే దాన్ని సెప్సిస్ అంటారు. అలాంటి రోగికి ఐసీయూలో మొదట చేసే పనుల్లో ఒకటి ద్రవాలు ఎక్కించడం. ఏ ద్రవం ఎక్కించాలన్నది మాత్రం యూరప్ వైద్యుల మధ్య ఏళ్ల తరబడి తెగని పంచాయతీగా ఉండేది. ఉప్పులు కలిపిన చౌక ద్రవం చాలని కొందరు అన్నారు. పిండిపదార్థం నుంచి తయారుచేసిన హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ అయితే రక్తనాళాల్లో ఎక్కువసేపు నిలుస్తుందని మరికొందరు వాదించారు. ఈ రెండో పక్షానికి పెద్ద అండ జర్మనీ మత్తు వైద్యుడు యోఆహిమ్ బోల్ట్. ఆయన పేరిట పరిశోధనా పత్రాలు కుప్పలుగా ఉండేవి.

2009లో బోల్ట్ ప్రచురించిన ఒక పత్రంలో అంకెలు మరీ కుదురుగా ఉన్నాయని పాఠకులకు అనుమానం వచ్చింది. మనుషుల రక్తపరీక్షల్లో ఉండాల్సిన ఎగుడుదిగుళ్లు వాటిలో లేవు. విచారణ మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. ఎన్నో అధ్యయనాలకు, మనుషుల మీద పరీక్షలకు ముందుగా ఒప్పుకోవాల్సిన నైతిక సంఘం అనుమతే లేదని తేలడంతో, 2011లో ఎనభైకి పైగా పత్రాలను వైద్య పత్రికలు ఉపసంహరించుకోవలసి వచ్చింది. నన్ను ఆశ్చర్యపరిచేది మోసం జరగడం కాదు. ఆసుపత్రి ఫైలును, అచ్చైన అంకెను పక్కపక్కన పెట్టి చూసే మనిషి అన్నేళ్లలో ఒక్కరూ లేకపోవడం.

దాదాపు అదే కాలంలో, 2009 డిసెంబరు నుంచి 2011 నవంబరు దాకా, అదే ప్రశ్నను కోపెన్‌హాగన్ వైద్యులు ఇంకో దారిలో పరీక్షించారు. రోగుల మీద చేసే ఇలాంటి చికిత్స పరీక్షనే క్లినికల్ ట్రయల్ అంటారు. దీని పేరు 6ఎస్ ట్రయల్. డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్, ఐస్లాండ్ దేశాల్లోని 26 ఐసీయూలు ఇందులో పాల్గొన్నాయి. ఏ రోగికి ఏ ద్రవం వెళుతోందో వైద్యులకు, నర్సులకు తెలియకుండా ద్రవం సంచులకు నల్లటి తొడుగులు వేశారు. ఫలితాల్లో లెక్కకు వచ్చిన 798 మందిలో స్టార్చ్ ఎక్కించినవారు 398 మంది. తొంభై రోజులకల్లా వారిలో 201 మంది చనిపోయారు. మామూలు ద్రవం తీసుకున్న 400 మందిలో చనిపోయినవారు 172 మంది. కిడ్నీలు దెబ్బతిని డయాలిసిస్ వంటి చికిత్స అవసరమైనవారు కూడా స్టార్చ్ వర్గంలోనే ఎక్కువ. 2013లో కెనడా పరిశోధకులు పాత అధ్యయనాలన్నింటినీ కలిపి లెక్కవేశారు. బోల్ట్‌వి ఏడు ట్రయల్స్ తీసేసి చూస్తే స్టార్చ్ వల్ల మరణాలు పెరుగుతున్నట్టు స్పష్టమైంది. ఆ ఏడింటిలో ఉన్న రోగులు 590 మందే. మిగతా అధ్యయనాల్లోని పదివేల మంది కథను మసకబార్చడానికి ఆ కొద్దిమంది సరిపోయారు.

ట్రయల్ కాగితాలను ఆసుపత్రి రికార్డులతో సరిచూసే ఉద్యోగిని మానిటర్ అంటారు. ఇక్కడ ఆ పని చూడాలి. ఆమె ఆసుపత్రికి వెళ్లి ముందు సమ్మతి పత్రం అడుగుతుంది. సంతకం ఎవరిది, తేదీ ఏది, చికిత్స మొదలైంది ఆ తేదీకి ముందా తర్వాతా? ఆ తర్వాత కేస్ షీటు తెరుస్తుంది. ట్రయల్ ఫారంలో రాసిన, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె ల్యాబ్ కాగితంలోనూ ఉందా? రోగి ట్రయల్ నిబంధనల ప్రకారం అర్హుడేనా? తీవ్రమైన దుష్ఫలితాన్ని గడువులోగా తెలియజేశారా? విసుగు పుట్టించే పనే. మందుల కంపెనీలు దీనికి డబ్బు పోసి మనుషులను పెట్టుకుంటాయి. సొంత ఆసక్తితో, ప్రభుత్వ నిధులతో ట్రయల్ నడిపే వైద్యుడికి ఆ స్తోమత ఎక్కడిది? పైగా పేటెంటు లేని పాత మందులు, చౌక ద్రవాల మీద పరీక్షలు చేసేది ఎక్కువగా ఇలాంటివారే.

డెన్మార్క్ దీనికి ఒక ఉపాయం చేసింది. విశ్వవిద్యాలయ ఆసుపత్రులకు అనుబంధంగా ఉన్న ప్రత్యేక విభాగాలు అక్కడి ప్రభుత్వ పరిశోధకులకు ఉచితంగా మానిటరింగ్ చేస్తాయి. సరిహద్దు దాటగానే చిక్కు మొదలవుతుంది. తెలుగు చదివినవారు కన్నడ బోర్డును కూడబలుక్కున్నట్టు డెన్మార్క్ వాళ్లు నార్వే రాతను చదువుకోగలరు. ఫిన్నిష్ కేస్ షీటు ముందు మాత్రం వారి పప్పులు ఉడకవు. రోగి వివరాలను బయటి దేశంవారికి చూపించడంలో చట్టాల అడ్డు కూడా ఉంటుంది. అందుకే డెన్మార్క్, దాని ఇరుగుపొరుగు ఉత్తర యూరప్ (నార్డిక్) దేశాల విభాగాలు ఒక నెట్‌వర్క్‌గా ఏర్పడి పని పంచుకున్నాయి. ట్రయల్ నడిపే దేశంవారు తనిఖీ ప్రణాళిక రాస్తారు. ఏ దేశపు ఆసుపత్రిని ఆ దేశపు మానిటర్ చూసి, ఒకే పద్ధతిలో నివేదిక ఇస్తుంది. యూరప్ మొత్తానికి ఇలాంటి తోడ్పాటు ఇచ్చే ఎక్రిన్ అనే సంస్థ ప్యారిస్‌లో ఉంది.

అలాగని ప్రతి కాగితాన్నీ తిరగేయాలా? జర్మనీలో పదకొండు విద్యాసంస్థల ట్రయల్స్ మీద జరిగిన అడమాన్ అధ్యయనం 2017లో దీనికి జవాబిచ్చింది. కొన్ని కేంద్రాలను విస్తృతంగా, కొన్నింటిని ప్రమాద స్థాయిని బట్టి తక్కువసార్లు తనిఖీ చేశారు. చివర్లో ఆడిట్ చేస్తే రెండు వర్గాలూ దాదాపు సమానమే. ఊరటనిచ్చే మాటేమీ కాదిది. రెండింటిలోనూ అరవై శాతానికి పైగా రోగుల ఫైళ్లలో కనీసం ఒక పెద్ద లోపం దొరికింది. తనిఖీల సంఖ్య పెంచడం కన్నా, ఎక్కడ చూడాలో ముందే తేల్చుకోవడం ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

ఆ "ఎక్కడ" అన్నదానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి దాన్ని చేపట్టాయి. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ చెప్పింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ఎత్తిచూపింది వేరే సంగతి. 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు, 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. ఏ మానిటర్ అయినా ఫైలు తెరవగానే మొదట చూసే కాగితమే అది. అయితే ఆ ప్రాజెక్టుకు క్లినికల్ ట్రయల్ అని కాక "ప్రదర్శన ప్రాజెక్టు" అని పేరు పెట్టారు. అందువల్ల ట్రయల్‌కు ఉండాల్సిన రక్షణలు దానికి వర్తించలేదు. పేరు ఏదైనా అది ట్రయలేనని స్థాయీ సంఘం అభిప్రాయపడింది.